స్విచ్‌లో క్యూఓఎస్ ఆన్ చేశాక ఫోన్లు ఇంకా పాడయ్యాయి, ట్రాఫిక్ పాలసీ ఎలా రాయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ: మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి ఐటీ చూస్తున్నారు. సిస్కో 2960ఎక్స్ స్విచ్‌లు, పాతిక ఐపీ ఫోన్లు, నలభై కెమెరాలు, 50 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్. సీటీ స్కాన్ ఇమేజ్‌లు హైదరాబాద్‌లో రేడియాలజిస్టుకి వెళ్తున్నంతసేపూ బయటి కాల్స్‌లో మాట తెగుతోంది. ఏదో వీడియో చూసి స్విచ్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు) ఆన్ చేశారు. ఇప్పుడు వార్డు నుంచి రిసెప్షన్‌కి చేసే లోపలి కాల్ కూడా గరగరమంటోంది, బిల్లింగ్ కౌంటర్ నెమ్మదించింది. పాలసీ సరిగ్గా ఎలా రాయాలో చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

ఒకటి: 2960ఎక్స్‌లో ‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్’ అన్న ఒక్క లైన్ కొట్టి వదిలేస్తే మేలు జరగకపోగా కీడే జరుగుతుంది. ఆ లైన్ పడగానే పోర్టులన్నీ నమ్మకం లేని పోర్టులు అయిపోతాయి. ఫోన్ తన ప్యాకెట్ మీద వేసుకొచ్చిన డీఎస్‌సీపీ 46 గుర్తును (ఇది మాట, ముందు పంపు అని చెప్పే అంకెను) స్విచ్ చెరిపేసి సున్నా చేస్తుంది. పైగా అప్పటిదాకా కలిసికట్టుగా వాడుకున్న బఫర్‌ను (ప్యాకెట్లు వంతు కోసం ఆగే జాగాను) నాలుగు క్యూలకు తలా పావు వంతు పంచేస్తుంది. మాట, బిల్లింగ్, కెమెరా అన్నీ సున్నా గుర్తుతో ఒకే క్యూలో పడి ఆ పావు వంతులో ఇరుక్కుంటాయి. మీ లోపలి కాల్స్ పాడవడానికి, బిల్లింగ్ నెమ్మదించడానికి కారణం ఇదే అయ్యుండాలి. ఓపీ రద్దీ తగ్గాక ‘నో ఎంఎల్ఎస్ క్యూఓఎస్’ కొట్టండి. ముందున్న స్థితికి వస్తారు, టెన్షన్ లేకుండా మిగతా పని చేసుకోవచ్చు.

రెండు: స్కాన్ వెళ్తున్నప్పుడు బయటి కాల్స్ తెగడానికి స్విచ్ కారణం కాదు. 1 జీబీపీఎస్ పోర్టులో వచ్చిన ట్రాఫిక్ 50 ఎంబీపీఎస్ లైన్‌లోకి దిగే చోట క్యూ కడుతోంది. మాటకు ముందు దారి ఇవ్వాల్సింది అక్కడ. మామూలుగా అది రౌటర్ పని. రౌటర్‌కి చేతకాకపోతే స్విచ్‌తోనే చేయించే ఉపాయం ఒకటుంది, కింద చెప్తాను. స్విచ్‌లో రాసే పాలసీ ఎక్కువ భాగం గుర్తులు వేయడానికే.

సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు ఎలా ఆగిపోతాయో టీవీలో చూస్తూనే ఉంటాం. అంబులెన్స్‌కి వేరే లేన్ కావాల్సింది ఆ గేటు దగ్గర. ఇంటి ముందు సందులో ఎంత వెడల్పు లేన్ గీసినా ఉపయోగం లేదు. స్విచ్‌లో చాలామంది చేసేది ఆ సందులో గీత గీయడమే. ఖాళీగా ఉన్న 1 జీబీపీఎస్ పోర్టులో ప్రాధాన్యం ఇచ్చినా ఇవ్వకపోయినా ప్యాకెట్ వెంటనే వెళ్లిపోతుంది.

అందుకే పాలసీ రాసే ముందు క్యూ ఎక్కడ కడుతోందో తేల్చుకోవాలి. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. స్కాన్ అప్‌లోడ్ నడుస్తుండగా రిసెప్షన్ నుంచి మీ మొబైల్‌కి కాల్ చేయించండి. తెగిన మాట ఎవరికి వినిపిస్తోందో గమనించండి. రిసెప్షన్ అమ్మాయికి మీ మాట శుభ్రంగా వినిపిస్తూ, మీ మొబైల్‌లో ఆమె మాట తెగుతుంటే రద్దీ బయటికి వెళ్లే దిశలో ఉన్నట్టు. స్కాన్ అప్‌లోడ్ వల్ల వచ్చే తంటా అయితే ఇలాగే ఉంటుంది. దీనికి విరుగుడు మీ చేతుల్లోనే ఉంది. ఆమెకే మీ మాట తెగుతుంటే రద్దీ లోపలికి వచ్చే దిశలో ఉంది, అంటే ఎవరో పెద్ద డౌన్‌లోడ్ పెట్టారు. దాని క్యూ ప్రొవైడర్ వైపు కడుతుంది, మీ స్విచ్‌కి దాని మీద అధికారం ఉండదు. ఇద్దరికీ తెగుతోంది, లోపలి కాల్స్ కూడా తెగుతున్నాయి అంటే క్యూఓఎస్ మాట పక్కన పెట్టి కేబుళ్లు చూడండి.

కేబుల్ అన్నాను కాబట్టి మిర్యాలగూడ సంగతి ఒకటి చెప్పాలి. ఒక రైస్ మిల్లు వాళ్లు వేబ్రిడ్జి దగ్గర కెమెరాలు ఆగి ఆగి వస్తున్నాయని, కాటా కంప్యూటర్ వేలాడుతోందని, క్యూఓఎస్ పెట్టమని పిలిచారు. వెళ్లి చూస్తే ఆఫీసు స్విచ్‌కీ గోదాము స్విచ్‌కీ మధ్య అప్‌లింక్ 100 ఎంబీపీఎస్‌లో నడుస్తోంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల వైర్లూ కావాలి, 100కి రెండు జతలు చాలు. మిల్లులో ఎలుకలకి కొదవేముంది! ఒక జతను కొరికేస్తే లింక్ చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోయింది. లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైపులో కొత్త వైరు గుంజాక క్యూఓఎస్ అవసరమే రాలేదు. మీ ఆసుపత్రిలో నలభై కెమెరాలు తలా 4 ఎంబీపీఎస్ అనుకుంటే 160 ఎంబీపీఎస్ ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) వైపు నిత్యం పారుతుంటుంది. 1 జీబీపీఎస్ అప్‌లింక్‌కి అది లెక్కలోకి రాదు, 100కి దిగిన అప్‌లింక్‌ని మాత్రం ముంచేస్తుంది. కాబట్టి ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’ కొట్టి ప్రతి అప్‌లింక్ స్పీడ్, డూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశల్లో నడుస్తోందా లేదా) చూడండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ప్యాకెట్ల లెక్క) పెరుగుతున్న పోర్టు ఒక్కటి ఉన్నా ముందు దాన్ని బాగుచేయండి.

ఇప్పుడు లెక్కలు. నేను ఏ సైట్‌లోనైనా కాన్ఫిగరేషన్ జోలికి వెళ్లేముందు కాగితం మీద ఈ లెక్క వేస్తాను, సగం అపోహలు అక్కడే పోతాయి.

జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఫోన్ 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్ పంపుతుంది, అంటే సెకనుకి 50. ఒక్కో ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 40 బైట్లు, ఈథర్‌నెట్ 18 బైట్లు. మొత్తం 218 బైట్లు. సెకనుకి 87.2 కిలోబిట్లు అయింది. మీకు పాతిక ఫోన్లున్నా ఒకేసారి బయటికి పది కాల్స్ నడిస్తే గొప్ప. పది కాల్స్ కలిపి ఒక దిశలో 1 ఎంబీపీఎస్ కూడా కాదు. 50లో 1. మాట తెగేది జాగా చాలక కాదు, తన వంతు కోసం పెద్ద ప్యాకెట్ల వెనక నిలబడాల్సి రావడం వల్ల.

ఆ నిలబడటం ఎంతసేపో చూద్దాం. ఒక సీటీ స్లైస్ 512 అడ్డం, 512 నిలువు పిక్సెళ్లు, పిక్సెల్‌కి 2 బైట్లు. అంటే స్లైస్‌కి అర మెగాబైట్. 500 స్లైసుల స్టడీ కంప్రెస్ చేయకుండా పంపితే 250 మెగాబైట్లు, మీ లైన్ మొత్తం దానికే ఇచ్చినా 40 సెకన్లు పడుతుంది. ఫైళ్లను మోసే టీసీపీ పద్ధతి స్వభావం ప్రకారం అది దొరికినంత లాగుతూ పోతుంది, దారిలో ఉన్న బఫర్ నిండి ప్యాకెట్ పడిపోయేదాకా తగ్గదు. లైన్ చివర ఉన్న డబ్బాలో 1 మెగాబైట్ బఫర్ ఉందనుకోండి, అది నిండితే 50 ఎంబీపీఎస్‌లో ఖాళీ కావడానికి 160 మిల్లీసెకన్లు. మాట ఒక దిశలో చేరడానికి మొత్తం 150 మిల్లీసెకన్లు దాటకూడదని ఐటీయూ జీ.114 సిఫారసు చెబుతుంది. క్యూ ఒక్కటే దాన్ని మింగేసింది. అదే మాటకి ప్రాధాన్యం ఉంటే? ముందున్న ఒక్క 1500 బైట్ల ప్యాకెట్ వెళ్లేదాకా ఆగితే చాలు, అంటే 0.24 మిల్లీసెకన్లు. క్యూఓఎస్ చేసే మేలు మొత్తం ఈ తేడానే.

ఇక పాలసీ. గుర్తు వేయడం ఎప్పుడూ ట్రాఫిక్ పుట్టే చోటికి దగ్గరగా చేయాలి, ఆ తర్వాత ప్రతి మజిలీలో ఆ గుర్తును నమ్మాలి. మీ ఫోన్లు సిస్కోవి అయితే ఫోన్ పోర్టు మీద ‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డివైస్ సిస్కో-ఫోన్’, దానితో పాటు ‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డీఎస్‌సీపీ’ సరిపోతాయి. స్విచ్ సీడీపీ (సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి) ద్వారా ఫోన్‌ను గుర్తుపట్టినప్పుడే నమ్ముతుంది, ఫోన్ పీకి ల్యాప్‌టాప్ పెడితే నమ్మడం మానేస్తుంది. వేరే బ్రాండ్ ఫోన్ల దగ్గర ఈ గుర్తుపట్టడం మీద ఆధారపడకండి. మన జిల్లాల్లో నేను చూసే ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఎక్కువగా ఉండేవి ఆ వేరే బ్రాండ్లే. వాటికి నేను పెట్టే పద్ధతి వాయిస్ వీల్యాన్ (ఫోన్లకు విడిగా పెట్టిన నెట్‌వర్క్ భాగం) ఐపీ రేంజ్‌ని బట్టి గుర్తు వేయడం.

మీ వాయిస్ వీల్యాన్ 10.10.20.0/24 అనుకుందాం. రెండు ఎక్స్‌టెండెడ్ ఏసీఎల్‌లు (ఏ ట్రాఫిక్‌ని పట్టుకోవాలో చెప్పే జాబితాలు) రాయండి. మొదటిది ఆ రేంజ్ నుంచి 5060 పోర్టుకు పోయే సిగ్నలింగ్ (కాల్ కలపడానికి, ముగించడానికి నడిచే సందేశాలు). రెండోది ఆ రేంజ్ నుంచి వచ్చే మిగతా యూడీపీ అంతా. ఒక్కోదానికి ఒక క్లాస్-మ్యాప్ (ఆ ట్రాఫిక్‌కి ఒక తరగతి). ఆ రెంటినీ ఒక పాలసీ-మ్యాప్‌లో ఇదే వరసలో పెట్టండి, ఎందుకంటే ముందు కలిసిన క్లాస్‌లోనే ప్యాకెట్ ఆగిపోతుంది. సిగ్నలింగ్‌కి ‘సెట్ డీఎస్‌సీపీ 24’, మాటకి ‘సెట్ డీఎస్‌సీపీ 46’. ఫోన్ పోర్టు మీద ‘సర్వీస్-పాలసీ ఇన్‌పుట్’ తో తగిలించండి. 2960 కుటుంబంలో పాలసీ లోపలికి వచ్చే దిశలోనే తగులుతుంది, బయటికి వెళ్లే దిశలో తగిలించడానికి ప్రయత్నించి గంటలు వృథా చేసుకోకండి.

ఇక్కడ మనుషులు పడిపోయే గుంటలు మూడున్నాయి. ఒకే పోర్టు మీద ‘ట్రస్ట్’ లైన్, ‘సర్వీస్-పాలసీ’ లైన్ రెండూ ఉండవు. తర్వాత కొట్టింది ముందుదాన్ని తీసేస్తుంది. కాన్ఫిగ్ రాసింది రాసినట్టే ఉందనుకుని చాలామంది చూసుకోరు. రెండోది, పీబీఎక్స్ (కాల్స్ కలిపే ఎక్స్ఛేంజ్ డబ్బా) పోర్టును మరిచిపోవడం. మాట రెండు దిశల్లో నడుస్తుంది, ఫోన్ నుంచి పీబీఎక్స్‌కి గుర్తు వేసి, పీబీఎక్స్ నుంచి తిరిగి వచ్చేదాన్ని వదిలేస్తే సగం పనే. మూడోది, రౌటర్ వైపు పోర్టు. బయటి నుంచి వచ్చే మాట ఇంటర్నెట్‌లో గుర్తు పోగొట్టుకుని సున్నాతో వస్తుంది. కాబట్టి రౌటర్ పోర్టు మీద కూడా, సిప్ ట్రంక్ (బయటి కాల్స్‌కి వాడే ఐపీ ఫోన్ లైన్) ఇచ్చినవాళ్ల ఐపీని సోర్స్‌గా పెట్టి, 46 వేసే పాలసీ తగిలించాలి. స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య అప్‌లింక్‌ల మీద మాత్రం ‘ట్రస్ట్ డీఎస్‌సీపీ’ ఒక్కటే చాలు. రెండు చివరలా.

గుర్తులు కుదిరాక క్యూలు. 2960ఎక్స్‌లో బయటికి వెళ్లే క్యూలు నాలుగు. డీఫాల్ట్‌గా డీఎస్‌సీపీ 40 నుంచి 47 దాకా మొదటి క్యూలోకి పోతాయి, కాబట్టి 46 వేస్తే మ్యాప్ మార్చే పని లేదు. కానీ ‘ప్రయారిటీ-క్యూ అవుట్’ లైన్ లేకపోతే ఆ మొదటి క్యూ ప్రాధాన్యం ఉన్నది కాదు, పైగా డీఫాల్ట్ షేప్ విలువ 25 వల్ల పోర్టు స్పీడ్‌లో ఇరవై ఐదో వంతుకే, అంటే 4 శాతానికే కట్టేసి ఉంటుంది. ఇందులో విలువ పెంచితే వాటా తగ్గుతుంది, అంతా తిరకాసు. ‘ప్రయారిటీ-క్యూ అవుట్’ పెట్టగానే ఆ గొడవ ఉండదు, మొదటి క్యూ ఖాళీ అయ్యాకే మిగతావి కదులుతాయి. సున్నా గుర్తు ట్రాఫిక్ రెండో క్యూలోకి వస్తుంది. అక్కడ ప్యాకెట్లు పడిపోతుంటే ‘క్యూ-సెట్ అవుట్‌పుట్’ థ్రెషోల్డ్‌ను 3200 దాకా పెంచండి, అందరూ కలిసి వాడుకునే బఫర్ నుంచి తీసుకోవడానికి అనుమతి దొరుకుతుంది. మీ బిల్లింగ్ నెమ్మదికి విరుగుడు అదే.

‘ఆటో క్యూఓఎస్’ (స్విచ్ తనే లైన్లన్నీ రాసుకునే కమాండ్) కొడితే పోదా అని అడుగుతారు. కొట్టొచ్చు, చిన్న సైట్‌కి అది చెడ్డదేం కాదు. కాకపోతే అది రాసే లైన్లన్నీ చదివి అర్థం చేసుకున్నాకే ఉంచుకోండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఏదైనా మార్చాల్సి వచ్చినప్పుడు ఎవరో పరాయివాళ్ల కాన్ఫిగ్ చదువుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు చోటు, 50 ఎంబీపీఎస్ లైన్. మీ రౌటర్ షేపింగ్ (ట్రాఫిక్‌ని ఒక వేగానికి కట్టి, మిగిలింది క్యూలో ఆపడం) చేయగలిగితే లైన్ కంటే కొంచెం తక్కువకి, 47 ఎంబీపీఎస్‌కి షేప్ చేయండి. ఎందుకు తగ్గించాలి అంటే, క్యూ మీ రౌటర్‌లో కట్టాలి కాబట్టి. 50కి పెడితే క్యూ ప్రొవైడర్ డబ్బాలో కడుతుంది, అక్కడ మీ 46ని ఎవరూ చూడరు. ఆ 3 ఎంబీపీఎస్ వదులుకోవడానికి మేనేజ్‌మెంట్ గొణుగుతుంది, వదులుకోండి. సిస్కో రౌటర్ అయితే పైన 47కి షేప్ చేసే తల్లి పాలసీ, దాని లోపల పిల్ల పాలసీలో డీఎస్‌సీపీ 46కి ‘ప్రయారిటీ’ 2 ఎంబీపీఎస్. పది కాల్స్‌కి 1 సరిపోతుందని లెక్క తేలింది, రెట్టింపు ఇచ్చాం. ఆ హద్దు పెట్టకుండా ప్రాధాన్యం ఇవ్వకండి. ఎవడైనా 46 గుర్తుతో పెద్ద ఫైల్ పంపితే మిగతావాళ్లకు చుక్క నీరు కూడా దక్కదు. మైక్రోటిక్ అయితే క్యూ ట్రీ, రౌటర్‌ఓఎస్ 7 ఉంటే కేక్ (క్యూని తనే సర్దుకునే పద్ధతి) కూడా ఉంది. లైన్ స్పీడ్ రాసి కేక్ పెడితే చిన్న ఆఫీసుల్లో చేత్తో రాసిన పాలసీకి ఏమాత్రం తీసిపోదు.

రౌటర్ ప్రొవైడర్‌ది, లోపలికి చూడనివ్వరు అనుకోండి. అప్పుడు స్విచ్ ఉపాయం. స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్లే పోర్టును 100 ఎంబీపీఎస్‌కి కట్టేసి, ‘ఎస్‌ఆర్‌ఆర్-క్యూ బ్యాండ్‌విడ్త్ లిమిట్ 47’ కొట్టండి. ఆ లైన్ 10 నుంచి 90 శాతం వరకే ఒప్పుకుంటుంది, అందుకే గిగాబిట్‌లో ఉంచితే 100 ఎంబీపీఎస్ కంటే కిందికి దిగదు. ఇప్పుడు బయటికి వెళ్లే దిశలో ఇరుకు చోటు మీ స్విచ్ పోర్టే అయింది, అక్కడ ‘ప్రయారిటీ-క్యూ అవుట్’ నిజంగా పని చేస్తుంది. హార్డ్‌వేర్ ఈ శాతాన్ని మెట్లు మెట్లుగా సర్దుకుంటుంది, రాసిన అంకె కచ్చితంగా రాదు, స్పీడ్ టెస్ట్ పెట్టి అంకె అటూ ఇటూ చేసుకోండి. స్పీడ్, డూప్లెక్స్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక వైపు రెండూ కట్టేసి రెండో వైపు ఆటోలో వదిలితే ఆ వైపు హాఫ్ డూప్లెక్స్‌లో పడి, ఇప్పుడున్న బాధ సుఖమనిపిస్తుంది. ఇంకో షరతు, వీల్యాన్‌ల మధ్య రూటింగ్ కూడా ఆ రౌటరే చేస్తుంటే ఈ ఉపాయం పెట్టకండి. బిల్లింగ్ నుంచి సర్వర్‌కి పోయే లోపలి ట్రాఫిక్ కూడా ఆ 47లో నలిగిపోతుంది.

స్కాన్ ట్రాఫిక్‌ని ఏం చేయాలి? మీరు దాన్ని 10 ఎంబీపీఎస్‌కి పోలీసింగ్ (హద్దు దాటిన ప్యాకెట్లను పడేయడం) చేద్దామనుకుంటున్నారని రాశారు. వద్దు. రాత్రి రెండింటికి తలకి దెబ్బ తగిలినవాడిని తీసుకొస్తారు, స్కాన్ తీసి హైదరాబాద్ రిపోర్టు కోసం ఎదురుచూస్తారు. లైన్ మొత్తం ఖాళీగా ఉండి కూడా 40 సెకన్ల పని 200 సెకన్లకి సాగదీసినట్టు అవుతుంది. దానికి ఏఎఫ్11, అంటే డీఎస్‌సీపీ 10 వేసి, రౌటర్‌లో మిగిలినదాంట్లో సగం వాటా గ్యారంటీ ఇవ్వండి. లైన్ ఖాళీగా ఉంటే మొత్తం వాడుకుంటుంది, రద్దీ ఉంటే సగానికి తగ్గదు, మాటకి అడ్డం రాదు. స్కాన్ పంపే మిషన్ ఐపీని సోర్స్‌గా, అవతలి సర్వర్ ఐపీని డెస్టినేషన్‌గా పెట్టి ఏసీఎల్ రాస్తే చాలు, పోర్టు నంబర్ల వెంట పడక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కాగితాల అప్‌లోడ్ కూడా ఇదే క్లాస్‌లో కలిపేయొచ్చు.

పోలీసింగ్ పనికొచ్చే చోటు వేరే ఉంది, కెమెరాలు బయటి నుంచి చూడటం. ఇంట్లో కూర్చుని మొబైల్‌లో పదహారు కెమెరాలు ఒకేసారి తెరిచే యజమాని ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు, అది మొత్తం అప్‌లోడే. ముందు ఎన్‌వీఆర్‌లో సబ్-స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) ఆన్ చేయండి. అప్పటికీ ఎక్కువైతే ఎన్‌వీఆర్ పోర్టు మీద, బయటికి వెళ్లేదానికి మాత్రమే వర్తించే ఏసీఎల్‌తో, 5 ఎంబీపీఎస్ పోలీసర్ పెట్టి డీఎస్‌సీపీ 8 వేయండి. బర్స్ట్ అంకె (ఒక్కసారిగా పంపనిచ్చే బైట్లు) దగ్గర జాగ్రత్త. సూర్యాపేటలో ఒక షోరూమ్ కెమెరాలకి 5 ఎంబీపీఎస్ ఇచ్చినా 1 కూడా రావడం లేదని పిలిచారు. కాన్ఫిగ్‌లో బర్స్ట్ 8000 బైట్లు రాసి ఉంది, అంటే ఐదు పెద్ద ప్యాకెట్లు. టీసీపీ గుంపుగా పంపుతుంది, ఆరో ప్యాకెట్ పడిపోతుంది, అది బెదిరి వేగం తగ్గించేసుకుంటుంది. పావు సెకను సరిపడా ఇవ్వండి, 5 ఎంబీపీఎస్‌కి అది 156250 బైట్లు. అంకె మార్చగానే వాళ్ల కెమెరాలు దారికొచ్చాయి.

దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో తేల్చేటప్పుడు మీ మీద ఒత్తిడి వస్తుంది. నల్గొండ దగ్గర ఒక కాలేజీలో అంతకుముందు చూసినవాళ్లు ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్, అకౌంట్స్ సెక్షన్, సర్వర్, కెమెరాలు అన్నింటికీ 46 వేసి పెట్టారు. అడిగినవాళ్లందరికీ ఇచ్చుకుంటూ పోతే ఎవరికీ ఇవ్వనట్టే. 46 మాటకి మాత్రమే. చీఫ్ డాక్టర్ గారు ఆన్‌లైన్ మీటింగ్‌లో వీడియో ఆగుతోందంటే దానికి డీఎస్‌సీపీ 34 ఉంది. టీమ్స్ వాడుతుంటే ఆడియోకి 50000 నుంచి 50019, వీడియోకి 50020 నుంచి 50039 సోర్స్ పోర్టుల రేంజ్‌లను మైక్రోసాఫ్టే సూచిస్తుంది, వాటిని పట్టుకుని 46, 34 వేయొచ్చు.

పెట్టాక పని చేస్తోందో లేదో చూసే కమాండ్ ‘షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్’, పోర్టు పేరు, చివర ‘స్టాటిస్టిక్స్’. అందులో లోపలికి వచ్చిన డీఎస్‌సీపీ లెక్క, బయటికి వెళ్లిన లెక్క, ఏ క్యూలో ఎన్ని చేరాయో, ఎన్ని పడిపోయాయో ఉంటాయి. కాన్ఫిగ్‌లో క్యూలు 1 నుంచి 4, ఈ అవుట్‌పుట్‌లో 0 నుంచి 3. మాట కనిపించాల్సింది 0 దగ్గర. ఇది తెలియక క్యూ 1లో డ్రాప్స్ చూసి మాట పడిపోతోందని కంగారుపడతారు, అది నిజానికి రెండో క్యూ. అలాగే ‘షో పాలసీ-మ్యాప్ ఇంటర్‌ఫేస్’లో లెక్కలన్నీ సున్నాలే చూపిస్తే పాలసీ పని చేయడం లేదనుకోకండి, ఈ తరం స్విచ్‌లలో ఆ లెక్కలు నిండవు. అనుమానం తీరకపోతే రౌటర్ పోర్టును ఇంకో పోర్టుకి మిర్రర్ చేసి (నకలు పంపించి) వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు చూపించే సాఫ్ట్‌వేర్) ఒక కాల్ పట్టుకోండి. మాటను మోసే ఆర్‌టీపీ ప్యాకెట్ మీద 46 కళ్లారా కనిపిస్తుంది, కనిపించకపోతే ఏ మజిలీలో చెరిగిందో వెనక్కి వెతుక్కుంటూ పోవచ్చు.

డాక్టర్లు మొబైల్‌లో సాఫ్ట్‌ఫోన్ (ఐపీ ఫోన్‌లా పనిచేసే యాప్) వాడుతుంటే వైఫై సంగతి వేరే చూడాలి. చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్‌సీపీలోని పై మూడు బిట్లే చూస్తాయి, 46 అక్కడ 5 అయి మాట కాస్తా వీడియో తరగతిలో పడుతుంది. దాన్ని 6కి మార్చమని ఆర్‌ఎఫ్‌సీ 8325 చెబుతుంది, కంట్రోలర్‌లో ఆ సెట్టింగ్ ఉందేమో చూడండి.

ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లకి ఇంకో మాట. మీ స్విచ్ క్యాటలిస్ట్ 9200 అయితే పైన చెప్పిన ‘ఎంఎల్ఎస్’ లైన్లేవీ ఉండవు. అది డీఫాల్ట్‌గానే గుర్తులను నమ్ముతుంది, పాలసీ రెండు దిశల్లోనూ తగులుతుంది. హువావేలో ట్రాఫిక్ క్లాసిఫైయర్, ట్రాఫిక్ బిహేవియర్ వేర్వేరుగా రాసి ట్రాఫిక్ పాలసీలో ముడివేయాలి. పేర్లు మారతాయి కానీ పని అదే.

మీ నుంచి మూడు విషయాలు కావాలి: రౌటర్ మోడల్, వీల్యాన్‌ల మధ్య రూటింగ్ ఎవరు చేస్తున్నారు, స్కాన్ నడుస్తుండగా చేసిన టెస్ట్ కాల్‌లో ఎవరికి మాట తెగింది. అవి ఇక్కడ రాస్తే తల్లి పాలసీ, పిల్ల పాలసీ లైన్లు మీ అంకెలతోనే రాసిస్తాను. అప్పటిదాకా ‘నో ఎంఎల్ఎస్ క్యూఓఎస్’ తోనే ఉంచండి. స్కాన్ సెంటర్ వాళ్లతో మాట్లాడి అర్జెంట్ కాని స్టడీలు ఓపీ అయిపోయాక పంపమనండి.